అభిప్రాయం చెప్పే సభ అధికారం తెచ్చుకున్న తీరు

1952లో ఐరోపా బొగ్గు, ఉక్కు కూటమి సభలో కూర్చున్న 78 మందిని ప్రజలు నేరుగా ఎన్నుకోలేదు. ఆయా దేశాల పార్లమెంట్లు పంపాయి. వాళ్లకు చట్టం చేసే హక్కు లేదు. 1957 రోమ్ ఒప్పందం ఇచ్చింది కూడా ముఖ్యంగా అభిప్రాయం చెప్పే హక్కే.

1970, 1975 ఒప్పందాలతో బడ్జెట్ మీద పట్టు దొరికింది. 1979 జూన్‌లో ప్రజలే ఓటేశారు. డిసెంబర్‌లో సభ బడ్జెట్‌నే తిప్పికొట్టింది. సభ అభిప్రాయం రాకముందే మంత్రుల మండలి చేసిన ఐసోగ్లూకోజ్ కోటాల చట్టాన్ని 1980లో ఐరోపా కోర్టు కొట్టేసింది. ఇక అభిప్రాయాన్ని ఆపిపెట్టి బేరమాడటం సభకు చేతనైంది. మండలితో కలిసి చట్టం చేసే హక్కు 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందంలో వచ్చింది.

ఇదంతా దయతో ఇచ్చింది కాదంటాం మేం. ఉన్న చిన్న హక్కునే గట్టిగా వాడి రాబట్టుకున్నది. అయినా చట్టం ప్రతిపాదించే హక్కు నేటికీ ప్రధానంగా కమిషన్ చేతిలోనే ఉంది. మరి ఓటేసిన జనానికి దక్కింది ఎంత?