ధమనుల పూడికలో సూక్ష్మజీవి పాత్ర: ఒక పరికల్పన చరిత్ర

1948 జులైలో ఆరియోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌ను న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల ముందు ప్రకటించారు. దానిని రూపొందించిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించినవాడు, 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. నెల తిరగకముందే, ఆగస్టులో, ఆయన గుండెపోటుతో మరణించాడు. ఈ రెండు సంఘటనలకూ పరస్పర సంబంధం లేదు. అయితే నలభై ఏళ్ల తరువాత వైద్యశాస్త్రం ఎదుర్కొన్న ఒక ప్రశ్న ఈ రెండింటినీ గుర్తుకు తెస్తుంది. గుండె ధమనులు పూడుకుపోవడానికి బాక్టీరియా కారణం కావచ్చునా? అయితే, యాంటీబయాటిక్‌తో దానిని అడ్డుకోవచ్చునా?

ఆరియోమైసిన్‌ను సుబ్బారావే కనుగొన్నాడని ఒక్క వాక్యంలో తేల్చివేయడం తెలుగు రచనలలో పరిపాటి. మిస్సోరీ మట్టి నమూనాలో బంగారు వన్నె సూక్ష్మజీవిని గుర్తించినవాడు, అప్పటికే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. సుబ్బారావు ఘనత ఆ పరిశోధనశాలను నడిపించడంలో ఉంది. సారథిని విలుకానిగా చూపనక్కరలేదు. ఆ మందును మనుషులపై తొలిసారి పరీక్షించినవాడు హార్లెమ్ ఆసుపత్రి వైద్యుడు లూయీ రైట్. ఆయన చికిత్స చేసిన రోగులలో గజ్జల్లో బిళ్లలు కట్టే ఒక సుఖవ్యాధి పీడితులు ఉన్నారు. ఆ వ్యాధిని కలిగించే జీవిని అప్పట్లో వైరస్‌గా భావించేవారు. అది క్లమిడియా వర్గపు బాక్టీరియా అని తరువాత స్థిరపడింది.

పూడిక కథలోకి ప్రవేశించినది ఆ వర్గానికే చెందిన మరొక జీవి, ఊపిరితిత్తులకు సోకే క్లమిడియా న్యుమోనియే. అంటువ్యాధులు ధమనులను గట్టిపరుస్తాయన్న ఊహ కొత్తది కాదు. విలియం ఆస్లర్ 1908లోనే దానిని ప్రస్తావించాడు. 1913లో రష్యాలో అనిచ్కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించి చేసిన ప్రయోగాలు దృష్టిని కొవ్వు వైపు మళ్లించాయి. 1988లో ఫిన్లాండ్‌కు చెందిన సాయిక్కు బృందం, గుండెజబ్బు ఉన్నవారి రక్తంలో ఈ బాక్టీరియాకు ఎదురుగా పుట్టిన యాంటీబాడీలు ఎక్కువగా కనిపిస్తున్నాయని ప్రకటించింది. 1992లో దక్షిణాఫ్రికా పరిశోధకులు పూడుకున్న ధమని గోడలోనే ఆ జీవిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు.

జాడ దొరికింది. కారణమని రుజువు కాలేదు. దొంగతనం జరిగిన ఇంట కనబడినవాడల్లా దొంగ కాడు. ధమని గోడలోని వాపు వద్దకు చేరిన రక్తకణాలే సూక్ష్మజీవిని మోసుకువచ్చి ఉండవచ్చు. దీనిని తేల్చడానికి పెద్ద ఎత్తున పరీక్షలు జరిగాయి. వాటిలో ప్రధానంగా వాడినది అజిత్రోమైసిన్, నేడు నంద్యాల, బండి ఆత్మకూరుల మందుల దుకాణాలలోనూ పేరు తెలిసిన బిళ్ల. అది ఆరియోమైసిన్ తరగతికి చెందినది కాదు గాని, క్లమిడియాపై పనిచేస్తుంది. 2003లో వెలువడిన పరీక్షలో 7,700 మందికి పైగా రోగులు పాల్గొన్నారు. 2005లో ప్రచురితమైన మరొకదానిలో 4,012 మందిని పరిశీలించారు. మందు తీసుకున్నవారు వారానికొకసారి చొప్పున ఏడాదిపాటు వాడారు. గుండెపోట్లు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అదే ఏడాది గాటిఫ్లాక్సాసిన్‌తో జరిగిన పరీక్షదీ అదే ఫలితం. 2006 నాటి డెన్మార్క్ పరీక్షలో, క్లారిత్రోమైసిన్ తీసుకున్నవారిలో గుండె, రక్తనాళాల సంబంధమైన మరణాలు పెరిగాయి కూడా. గుండె భద్రత కోసం సొంతంగా యాంటీబయాటిక్ వాడటం ఎందుకు ప్రమాదమో చెప్పడానికి ఈ ఒక్క ఫలితం చాలు.

పరికల్పన అంతటితో కొట్టివేతకు గురైందనడం తొందరపాటే. ఈ పరీక్షలలో పాల్గొన్నవారందరూ అప్పటికే జబ్బు ముదిరినవారు. పైగా క్లమిడియా కణాల లోపల నిద్రాణస్థితిలో దాగినప్పుడు మందుకు లొంగదు. మందు విఫలమైనంత మాత్రాన సూక్ష్మజీవి నిర్దోషి అని తేలినట్లు కాదు. 2025లో ఫిన్లాండ్ పరిశోధకులే, ఈసారి నోటిలో నివసించే స్ట్రెప్టోకోకస్ జాతుల జాడలను ధమని పూడికలలో గుర్తించారు. అవి బయోఫిల్మ్ అనే జిగురు పొర చాటున రోగనిరోధక వ్యవస్థ కంటబడకుండా ఉంటున్నాయని వారి వాదన. జాడకూ కారణానికీ మధ్య 1988లో ఉన్న దూరం ఇక్కడా ఉంది.