కరువు తల్లులు తవ్విన కాలువ

రామాయపట్నం పక్కన మా పల్లె. తూర్పుకు నడిస్తే సముద్రం. సముద్రానికీ మా ఇంటికీ మధ్య బకింగ్‌హాం కాలువ. ఇద్దరు చిన్న పిలకాయల తల్లికి ఈ కాలువతో రోజూ పోరే. పెద్దది ఒకటో తరగతి. బడి వదలగానే ఎండ్రకాయల కోసం కాలువ కట్ట మీదికి పరిగెత్తుతుంది. చిన్నోడికి మూడో ఏడు నడుస్తోంది, అక్క ఎక్కడుంటే వాడక్కడ. చేతిలో అన్నం గిన్నె పెట్టుకుని "కట్ట దిగొద్దు, కట్ట దిగొద్దు" అని నేను కేకలేయని సాయంత్రం ఉండదు.

"ఇది దేవుడు తవ్వినాడా, మనుషులు తవ్వినారా?" అని పెద్దది ఒకసారి అడిగింది. మనుషులే అన్నాను. "ఎవురు?" అంది. "మీలాంటి పిలకాయలున్న అమ్మలు తవ్వినారు, బంగారూ" అని చెప్పాను. దాని వయసుకు ఆ మాత్రం చాలు. కావలిలో డిగ్రీకి చరిత్ర చదివాను. తర్వాత ఈ కాలువ గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. మిగిలిన జవాబు ఆ చదువులో దొరికింది, పిల్లల్ని పెంచుతూ అర్థమైంది.

కాలువ మొదలు మద్రాసులో. 1806లో బేసిల్ కోక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 11 మైళ్ళు తవ్వించాడు. 1837లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అక్కణ్ణించి పులికాట్ సరస్సు మీదుగా నెల్లూరు తీరం వెంబడి అంచెలంచెలుగా ఉత్తరానికి పొడిగించారు. చివరికి ఉత్తరాన పెదగంజాం, దక్షిణాన తమిళనాట మరక్కాణం హద్దులుగా మొత్తం 420 కిలోమీటర్లయింది. చాలాచోట్ల సముద్రపు ఒడ్డుకు కిలోమీటరు లోపే సాగుతుంది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ అందుకుంటుంది. అలా కృష్ణ, గోదావరి కాలువలతో ముడిపడి కాకినాడ దాకా పడవ దారి ఏర్పడింది. పటంలో చూస్తే ఇది ఇంజనీర్ల ఘనతలాగే కనిపిస్తుంది. ఈ మట్టి ఎత్తిన చేతులు ఎవరివో తెలియాలంటే 1876కు వెళ్ళాలి.

ఆ ఏడు ధాత నామ సంవత్సరం. నెల్లూరు సీమకు వానంటే ముఖ్యంగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో పడే ఈశాన్య రుతుపవనమే. ఆ ఏడు నైరుతి ముందే మొహం చాటేసింది, ఈశాన్యమూ ఎగ్గొట్టింది. పెన్న మీద ఆనకట్ట 1855లోనే వచ్చింది. దాని కింది పల్లెలకు కొంత ఆసరా ఉంది. కందుకూరు, ఒంగోలు వైపు మెట్ట పొలాలకు ఆ ఆసరా కూడా లేదు. చెరువులు అడుగంటాయి, పశువులు రాలిపోయాయి. గింజల ధర కూలివాడికి అందనంత పైకి పోయింది. దేశంలో ధాన్యం అసలే లేక కాదు. రైళ్ళ మీద రేవులకు చేరి ఓడలెక్కుతూనే ఉంది. 1878 దాకా సాగిన ఈ కరువు బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లోనే 50 లక్షలకు మించి ప్రాణాలు తీసింది. మన పెద్దలు దీన్నే ధాత కరువు అన్నారు.

ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. రోడ్లు, చెరువులు, కాలువలు. మద్రాసులో కూవం, అడయారు నదులను కలిపే సుమారు 8 కిలోమీటర్ల ముక్కను 1877-78లో కరువు కూలీలే తవ్వారు. దానికి 30 లక్షల రూపాయలు ఖర్చయింది. ఇటు ఉత్తరాన అప్పటి ఒంగోలు తాలూకాలోనూ కాలువ తవ్వకం కరువు మనుషులతోనే జరిగింది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాదే, 1904లో గుంటూరు జిల్లాలోకి పోయింది. మా కందుకూరు వైపు 1970లో ఒంగోలు జిల్లాలోకి పోయి, 2022లో తిరిగి నెల్లూరుకు వచ్చింది. జిల్లాలు మారాయి గానీ కాలువ ఒకటే.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. అంతకుముందు బీహారు కరువులో డబ్బు ఎక్కువ ఖర్చుపెట్టాడని నింద మోసిన అధికారి ఇతను. ఈసారి బిగించి పట్టుకున్నాడు. రోజంతా మట్టి పని చేసిన మగవాడికి 450 గ్రాముల గింజలు, ఒక అణా. ఆడమనిషికీ, పనిచేసే పిల్లకూ అంతకంటే కొంచెం తక్కువ.

ఈ అంకె చదివిన రాత్రి నేను వంటింట్లో 450 గ్రాముల బియ్యం తూచాను. మా నలుగురికీ ఒక పూట అన్నం. పప్పు, కూర, పెరుగు పక్కన ఉంటేనే అది పూటకు సరిపోతుంది. ఆ రోజుల్లో అది మట్టి పనిచేసే మనిషికి తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా తిండి. నేటి లెక్కలో దాదాపు 1,600 కేలరీలే. బిడ్డకు పాలిచ్చే తల్లికి ఏ పనీ చేయకపోయినా అది చాలదు. పైగా ఆమెకు దొరికింది అంతకంటే తక్కువ. ఆ తక్కువలోనే పనికి రాని వయసు పిల్లలకూ వాటా పెట్టాలి. అధికారికి అది జమాఖర్చుల పుస్తకంలో ఒక వరస. తల్లికి మాత్రం పొయ్యి దగ్గర రోజూ తేల్చుకోవాల్సిన ప్రశ్న: ఎవరికి ఎన్ని ముద్దలు, తనకు ఎన్ని?

ఈ కొలతను ఎదిరించినవాడు ఒకడున్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. కనీసం 680 గ్రాముల గింజలు, దానితోపాటు పప్పు, కూరగాయలు లేకపోతే కష్టం చేసే మనిషి నిలబడలేడని వాదించాడు. ప్రభుత్వంలోనే ఉండి ప్రభుత్వంతో పేచీ పెట్టుకున్నాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దారి దిగి వచ్చింది: 570 గ్రాముల గింజలు, 43 గ్రాముల పప్పు. ఆ గుప్పెడు పప్పు కూడా ఒక మనిషి పట్టుబట్టి తెచ్చిందేనని తెలిశాక, మా చిన్నోడు పప్పన్నం ముద్ద ఊసేసినప్పుడు నాకు కోపం కంటే ముందు ఆ డాక్టరే గుర్తొస్తాడు.

మట్టి పనిలో వాటాలు మొదటి నుంచీ ఒకటే. మగవాళ్ళు గునపం, పార పడతారు. ఆడవాళ్ళు, పిల్లలు గంపలెత్తుతారు. అడుగున తవ్విన తడి మట్టిని కట్ట మీదికి మోసింది ఎక్కువగా ఆడవాళ్ళే. ఇప్పుడు మా పిల్లలు పరిగెత్తే కట్ట గంప గంపగా వాళ్ళ నెత్తి మీది నుంచి దిగింది. చంటిబిడ్డల్ని ఎక్కడ పడుకోబెట్టారో ఏ రిపోర్టూ రాయలేదు. ఇప్పటికీ మా వైపు నాట్లకు పోయే తల్లులు తుమ్మకొమ్మకు చీర ఉయ్యాల కట్టి పెద్దపిల్లను కాపలా పెడతారు. అప్పుడూ అంతేనని నేననుకుంటాను. తల్లికి తిండి లేక బిడ్డకు పాలు పడని ఉయ్యాలలు అవి.

1878లో మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టినవాళ్ళ లెక్క బాగా పడిపోయింది. కరువులో ఒంట్లో సత్తువ లేని ఆడవాళ్ళకు కడుపు నిలవదు. 1881 జనాభా లెక్కల్లో నెల్లూరు జిల్లా జనం 1871 కంటే తగ్గారు, చిన్నపిల్లలు మరీ తక్కువ కనిపించారు. మా నాయనమ్మ కంచంలో ఒక్క మెతుకు వదలనిచ్చేది కాదు. "మా అవ్వ కరువులో పుట్టి బతికిన బిడ్డ" అనేది. పుట్టి బతకడమే చెప్పుకోవలసిన సంగతి అయిన తరం అది.

ఈ తవ్వకాల్లో కొంచెం వేరుగా నడిచిన కూలీల మకాం ఒకటుంది. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. యువకుడిగా అమెరికాలో సర్వేయింగ్ చేసినవాడు కాబట్టి కొలతలు తెలుసు. ఇతర మకాముల్లో మేస్త్రీల చేతుల్లో నలిగిపోతున్న మాదిగ కుటుంబాలు, వాళ్ళతో పాటు ఇతరులు రాజుపాలెంలోని అతని మకాంకు చేరారు. అక్కడ బావులు తవ్వించారు, తాటాకు పాకలు వేయించారు, కూలి చేతికి ఇచ్చారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్రైస్తవ చరిత్రకారులకు ఆ రోజు ముఖ్యం. నాకు అంతకు ముందు నెలలు ముఖ్యం. తాగే నీళ్ళు, పిల్లల మీదికి నీడ, పూర్తి కూలి ఉంటే కరువులో కూడా పిల్లలు నిలుస్తారని రాజుపాలెం చూపించింది. మిగతా మకాముల్లోనూ ఇవి ఇవ్వవచ్చు. ఇవ్వలేదు.

1878లో కాలువకు అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరు పెట్టారు.

తర్వాత దాదాపు తొంభై ఏళ్ళు ఈ కాలువ తీరాన్ని పోషించింది. ఇసకపల్లి ఉప్పు, శ్రీహరికోట కట్టెలు, సున్నపు గుల్లలు, వడ్లు మద్రాసుకు పడవల మీదే పోయేవి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే కట్ట మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్ళు. మా నాయనమ్మ అత్తగారింటికి పడవలోనే వచ్చింది. మొదటి కాన్పుకు పుట్టింటికి పోయిందీ, బిడ్డనెత్తుకుని తిరిగొచ్చిందీ ఈ నీళ్ళ మీదే. లాకుల దగ్గర పడవ ఆగితే గట్టు మీద పొయ్యి పెట్టి, బిడ్డకు నీళ్ళు కాచి పోసిందట. 1960ల్లో తుఫాన్లు కట్టలు తెంచాయి, లాకులు దెబ్బతిన్నాయి. రోడ్డు మీదికి లారీలొచ్చాయి. పడవలు ఆగిపోయాయి. 2008లో ఇది నాలుగో జాతీయ జలమార్గంలో భాగమైంది గానీ మా వైపు పూడిక అలాగే ఉంది.

పనికిరాని కాలువ అని అందరూ అనుకుంటున్న కాలంలో 2004 డిసెంబరు 26 వచ్చింది. ఆదివారం. నేను ఏడో తరగతి. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని, నన్ను జబ్బ పట్టి లాక్కుంటూ పడమటికి పరిగెత్తింది. మా వెనక సముద్రం కట్ట దాకా వచ్చింది. రాష్ట్రంలో ఆ రోజు వంద మందికి పైగా పోయారు. నష్టం అంతటితో ఆగడానికి కాలువ కూడా ఒక కారణమని 2005లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం చెప్పింది. పెదగంజాం నుంచి చెన్నై దాకా దాదాపు 310 కిలోమీటర్ల పొడవున కాలువ ఆ నీటిని మింగింది. కొన్నిచోట్ల పొర్లింది, పది పదిహేను నిమిషాల్లో నీళ్ళు సముద్రానికి తిరిగి పోయాయి. ఎందరో మత్స్యకారులు దానివల్లే బతికారు.

ఆ వ్యాసం చదివాక నాకు కాలువ మీద భయం పోలేదు, పోకూడదు కూడా. ఈత రాని పిలకాయలకు అది ప్రమాదమే. దానితో పాటు రుణం కూడా తెలిసొచ్చింది. తమ బిడ్డల నోటికి ఒక పిడికెడు గింజల కోసం గంపలెత్తిన తల్లులు, నూటపాతికేళ్ళ తర్వాత పుట్టబోయే పిల్లల ప్రాణాలు కాస్తున్నామని ఎరగరు. నేను బతికాను, నాకు ఇద్దరు బిడ్డలున్నారు. అందులో వాళ్ళ పాలు ఉంది.

వాళ్ళ ఆకలి వల్ల మరో మార్పూ వచ్చింది. ఇన్ని చావుల తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది, 1883 నుంచి కరువు కోడ్‌లు వచ్చాయి. పనికి రాలేని పిల్లలకు, ముసలివాళ్ళకు విడిగా తిండి పెట్టాలని వాటిలో నిబంధన చేరింది. పనిచేసినవాడికే ముద్ద అన్న లెక్క కొంచెం సడలింది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద ఇవాళ మా పల్లెలో అంగన్‌వాడీ నడుస్తోంది. చిన్నోడు అక్కడ గుడ్డు తింటాడు, పాలు తాగుతాడు. నెలనెలా వాణ్ణి తూకం వేసి కార్డులో రాస్తారు. ఆనాడు తల్లికిచ్చే గింజల్ని తూచారు, ఈనాడు బిడ్డ బరువు తూస్తున్నారు. ఈ మధ్య దూరం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. కార్నిష్ లాంటివాళ్ళ పట్టుదల, లెక్కకెక్కని తల్లుల ప్రాణాలు దాని ఖరీదు. అందుకే అంగన్‌వాడీలో గుడ్డు తగ్గినా, పాలు రాకపోయినా మేము ఊరుకోము, వెళ్ళి అడుగుతాము. అడగడం మా హక్కు.

ఇప్పుడు రామాయపట్నంలో ఓడరేవు కడుతున్నారు. 2022లో శంకుస్థాపన జరిగింది. ఉద్యోగాలొస్తే మంచిదే, మా పిల్లలకూ కావాలి. కానీ తీరం మారేటప్పుడు మొదట పూడిపోయేది, ఆక్రమణకు పోయేది కాలువే. రొయ్యల గుంటల మురుగు దానిలోకి వదులుతున్నారు, కట్ట మట్టి తోలుకుపోతున్నారు. ఆ మట్టిని ఏ నెత్తి మోసిందో తెలిస్తే ఒక్క ట్రాక్టరు కూడా ఎత్తలేరు. కాలువ పూడిక తీయాలి, కట్టలు నిలబెట్టాలి, మురుగు ఆపాలి. గవర్నరు పేరు ఉంటే ఉండనీ, ప్రతి వంతెన దగ్గరా ఒక రాయి మీద 1877-78 కరువు కూలీల సంగతి రాయాలి. వాళ్ళలో ఎందరో తల్లులని అందులో ఉండాలి. మా బడిలో, మా అంగన్‌వాడీలో ఈ కథ చెప్పాలి. అంతవరకు ఇద్దరికీ అన్నం పెట్టేటప్పుడు నేను చెబుతూనే ఉంటాను.