దోర్నాల గేటు

రాత్రి తొమ్మిది దాటితే దోర్నాలలో శ్రీశైలం రోడ్డు ఆగిపోతుంది. చెక్‌పోస్టులో గేటు పడ్డాక కారైనా లారీ అయినా తెల్లవారి ఆరింటిదాకా ఆ పక్కనే. లెక్క తప్పి వచ్చిన దూరపు ఊళ్లవాళ్లు సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తారు. మార్కాపురం వాళ్లు ఇంట్లో బయల్దేరేటప్పుడే గడియారం చూసుకుంటారు. శివరాత్రి రోజుల్లో మాత్రం రాత్రిళ్లూ బళ్లు వదులుతారు.

దారి ఈ గేటుకంటే చాలా పాతది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటే అందులో తూర్పుది మన త్రిపురాంతకం. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలం కొండకు మెట్లు కట్టించాడు. 1830లో కాశీయాత్రకు బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆత్మకూరు వైపు నుంచి ఇదే నల్లమల ఎక్కాడు. ఆ కాలపు యాత్రికుడికి అడవిలో దారి తెలిసిన మనిషి చెంచే.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. ఆ తర్వాత పదమూడేళ్లకు, 1983లో, నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి ప్రాజెక్ట్ టైగర్‌లోకి వచ్చింది. విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. అప్పటికి దేశంలో అంత పెద్ద పులుల అభయారణ్యం మరొకటి లేదు. 2014లో రాష్ట్రంతో పాటు అడవీ చీలింది. కృష్ణ అవతలిది అమ్రాబాద్ అయింది.

పులి వచ్చాక యాత్రికుడి హోదా మారింది. ఇష్టకామేశ్వరి దగ్గరికి సొంత కారు పోదు. పరిమిత సంఖ్యలో నడిచే జీపుల్లో రాళ్లబాట మీద ఒళ్లు హూనం చేసుకుని, చివర కాస్త నడవాలి. అమ్మవారి నుదుట బొట్టు పెడితే వేలికి మనిషి నుదురులా మెత్తగా తగులుతుందని నమ్మకం. ఆ ఒక్క బొట్టు కోసం నడుం నొప్పి ఎవరూ లెక్కచేయరు. తుమ్మలబైలు సఫారీ అంతకంటే సుఖం. అక్కడ జింక అడుగుకీ దుప్పి అడుగుకీ తేడా చెప్పగల చెంచు కుర్రాళ్లుంటే వాళ్ల మాట వినడమే అసలు సఫారీ. పులి కనబడకపోయినా డబ్బు దండగ కాదు.

గిద్దలూరు వైపు కథ వేరు. గుండ్లకమ్మ ఒడ్డున నెమలిగుండ్ల రంగనాయకుడి దర్శనం శనివారమే. గుండ్ల బ్రహ్మేశ్వరం అడవి 1990 నుంచి అభయారణ్యం. కానీ నల్లమలను చూడాలంటే రైలెక్కినా చాలు. దిగువమెట్ట దాటితే చలమ, బొగద సొరంగం. పగటి బండిలో కిటికీ పక్క సీటు దొరికితే ఏ చెక్‌పోస్టూ అడ్డురాదు.

గేటు మీద విసుక్కునేవాళ్లు ఊళ్లో ఉన్నారు. అర్ధరాత్రి ఆస్పత్రి అవసరం పడే గూడేల వాళ్ల గోడు వేరు, దాన్ని వేరుగానే చూడాలి. మిగతావాళ్ల విసుగులో పస లేదు. చీకటి పడితే ఆ రోడ్డు జంతువులది. పగలు మలుపుల దగ్గర కారాపి కోతులకు చిప్స్ పెట్టే భక్తి అంతకంటే చేటు. ఆ అలవాటుతోనే అవి చక్రాల కిందికి వస్తున్నాయి.

జులై నుంచి సెప్టెంబరు ఆఖరుదాకా సఫారీ, ఇష్టకామేశ్వరి జీపులు రెండూ ఆపేస్తారు. రావాలనుకునేవారు అక్టోబరులో రండి, వాన కురిసి వెలిసిన అడవి బాగుంటుంది. దోర్నాలకు చీకటి పడకముందే చేరండి. అరటిపండ్లు కొంటే మల్లన్నకే ఇవ్వండి.