కొండ ఎక్కేవారిని అడిగామా? – కోటప్పకొండ యాత్రికుల లెక్కల కథ

పల్నాటి సీమలో, గుంటూరు, ప్రకాశం మండలాల పల్లెల్లో ఏ బడి హాజరు పట్టీ తిరగేసినా కోటయ్యలు, కోటేశ్వరరావులు, కోటిరెడ్డులు, కోటమ్మలు, కోటేశ్వరమ్మలు వరుసగా కనిపిస్తారు. పిల్లలు పుట్టాలనీ, పుట్టినవారు దక్కాలనీ మొక్కుకున్న తల్లిదండ్రులు తమ బిడ్డలకు పెట్టుకున్న పేర్లివి. నరసరావుపేటకు దగ్గరలోని కోటప్పకొండ మీద కొలువైన త్రికోటేశ్వరుని ప్రభావం ఎంతదాకా వ్యాపించిందో తెలుసుకోవాలంటే పటం మీద గీతలు గీయనక్కరలేదు. ఈ పేర్లు ఎక్కడ పలచబడతాయో అక్కడ ఆ క్షేత్రపు పొలిమేర ముగిసిందని చెప్పవచ్చు. ఏ కార్యాలయమూ సేకరించని, అయినా ఎంతో నిక్కమైన సమాచారం ఇది.

ఈనాడు పర్యాటకశాఖలవారూ, వారికి సలహాలిచ్చే సంస్థలూ "సందర్శకుల అధ్యయనం" అనే మాటను తరచుగా వాడుతున్నారు. వచ్చేవారెవరు, ఎక్కడినుంచి వస్తున్నారు, ఎందుకు వస్తున్నారు, ఎంతసేపు ఉంటున్నారు, మళ్లీ వస్తారా అని అడిగి తెలుసుకుని, ఆ జవాబులను బట్టి ప్రచారం చేయాలన్నది దాని సారాంశం. సముద్రతీర విహారస్థలాల విషయంలో ఈ పద్ధతి బాగా వేళ్లూనుకున్నది. హవాయి దీవులకు వెళ్లే విమానాల్లో ప్రయాణికులు వ్యవసాయశాఖకు నింపి ఇవ్వవలసిన పత్రంతోపాటే వారి ప్రయాణ వివరాలను రాబట్టే ప్రశ్నలను కూడా దశాబ్దాలపాటు అందించారు. ద్వీపం కనుక వచ్చేవాడు విమానం దిగక తప్పదు, ప్రశ్నకు దొరకకా తప్పదు. నాలుగు దిక్కులనుంచీ కాలిబాటలూ బండిబాటలూ కలిసే కొండకు అలాంటి వాకిలి ఒక్కటి లేదు. అందుచేత మన దేశంలో యాత్రికుల లెక్క చరిత్ర వేరే దారిలో నడిచింది.

ఆ చరిత్రను తడిమి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. యాత్రికుణ్ణి లెక్కపెట్టినవారిలో ఎక్కువమంది అతణ్ణి అడగడానికి లెక్కపెట్టలేదు. పన్ను కోసం కొందరు, జబ్బుల భయంతో కొందరు, శాంతిభద్రతల కోసం కొందరు లెక్కపెట్టారు.

మొదటిది పన్ను. ఈస్టిండియా కంపెనీ 1806లో పూరీ జగన్నాథంలో యాత్రికుల పన్ను విధించింది. యాత్రికులను తరగతులుగా విభజించి, తరగతికి ఒక రేటు చొప్పున వసూలు చేసింది. విదేశీ ప్రభుత్వం విగ్రహారాధన మీద ఆదాయం పొందడమేమిటని ఇంగ్లండులో మిషనరీలు గోల చేయగా 1840లో అది రద్దయింది. తిరుపతి దేవస్థానం కూడా 1843లో హథీరాంజీ మఠానికి అప్పగించేవరకు కంపెనీ అజమాయిషీలోనే ఉండేది. ఈ లెక్కలన్నీ రాబడి లెక్కలు. యాత్రికుని నడక, అతని ఆకలి, అతని మొక్కు ఆ పద్దుల్లోకి ఎక్కలేదు.

రెండవది జబ్బు. పందొమ్మిదవ శతాబ్దంలో కలరా తీర్థాల వెంట నడిచింది. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం యాత్రాస్థలాలను వ్యాధికి పుట్టిళ్లుగా చూసింది. అప్పటినుంచి మన తిరునాళ్లలో ఆరోగ్యశాఖ ఉద్యోగులు అడుగుపెట్టారు. బావులను శుభ్రపరచడం, టీకాలు వేయడం, మరుగుదొడ్లు తవ్వించడం మొదలైనవి జరిగాయి. దీనివల్ల మేలు జరగలేదని అనలేము. అయితే అక్కడ యాత్రికుడు మనిషి కాడు, జబ్బును మోసుకొచ్చేవాడు.

మూడవది శాంతిభద్రతలు. దీనికి కోటప్పకొండ చరిత్రలోనే నెత్తుటి సాక్ష్యం ఉన్నది. 1909 ఫిబ్రవరిలో మహాశివరాత్రి తిరునాళ్లలో చేబ్రోలు వాస్తవ్యుడు గాదె చిన్నపరెడ్డి ఎడ్ల విషయమై పోలీసులతో మొదలైన తగాదా కాల్పులదాకా వెళ్లింది. జనం పోలీసుల మీద తిరగబడ్డారు. ప్రాణాలు పోయాయి. విచారణ జరిపి చిన్నపరెడ్డిని ఉరితీశారు. పల్లెజనం ఆయన మీద పాటలు కట్టుకుని చాలాకాలం పాడుకున్నారు. వందేమాతరం ఉద్యమపు వేడి ఇంకా చల్లారని రోజులవి గనుక చరిత్రకారులు దీనిని స్వాతంత్ర్యోద్యమ ఘట్టాలలో ఒకటిగా చెబుతారు. మన ప్రస్తుత విషయానికి మాత్రం ఇందులో మరొక పాఠం ఉన్నది. పల్నాటి రైతుకు తన ఎడ్లు ఇంటి బిడ్డలతో సమానం. వాటిని అలంకరించి, ప్రభను లాగించి, కొండ చుట్టూ తిప్పడమే అతని మొక్కు. ఎదురుగా నిలబడిన అధికారికి అవి దారికి అడ్డు మాత్రమే. వచ్చినవాడు ఎందుకు వచ్చాడో తెలియని ఏర్పాటు ఎంత అనర్థానికి దారితీస్తుందో ఆ శివరాత్రి చెప్పింది.

ఈ మూడు లెక్కలకూ భిన్నమైన పని ఒకటి స్వాతంత్ర్యం తరువాత జరిగింది. 1961 జనాభా లెక్కలతోపాటు ఊరూరా జరిగే జాతరలను, తిరునాళ్లను గురించి వివరాలు సేకరించారు. ఆంధ్రప్రదేశ్ జనగణనాధికారి ఎ. చంద్రశేఖర్ ఆధ్వర్యంలో జిల్లాకొక సంపుటంగా అవి వెలువడ్డాయి. గుంటూరు జిల్లాకూ ఒక సంపుటం ఉన్నది. ఏ ఊరు, ఏ దైవం, స్థలపురాణం ఏమిటి, ఏ తిథిన ఉత్సవం, ఎక్కడెక్కడినుంచి జనం వస్తారు, ఏయే అంగళ్లు పెడతారు అన్నవి ఆ సంపుటాలలో ఊరివారీగా నమోదయ్యాయి. గాజులు, అద్దాలు, దువ్వెనలు మొదలుకొని వ్యవసాయపు పనిముట్లదాకా ఏమేమి అమ్ముడుపోతాయో కూడా వ్రాశారు. పర్యాటక ప్రచారం కోసం చేసిన పని కాదది. అయినా తెలుగునేల మీద సందర్శకుల అధ్యయనమనదగిన పనుల్లో అంత విస్తారమైనది అరుదు. గ్రంథాలయాల్లో దుమ్ముపట్టి ఉన్న ఆ సంపుటాలను ఈనాటి ప్రణాళికలు వేసేవారు ఒక్కసారైనా తెరిచి చూస్తే బాగుంటుంది.

సరిగ్గా ఆ కాలంలోనే, 1963లో, రోము నగరంలో ఐక్యరాజ్యసమితి జరిపిన సమావేశం సందర్శకుణ్ణి రెండు రకాలుగా విడదీసింది. రాత్రి బస చేసేవాడు పర్యాటకుడు, చేయనివాడు ఒక్కపూట విహారి. ఈ విభజనే నేటికీ లెక్కలకు ఆధారం. మన దేశంలో స్వదేశీ పర్యాటకుల సంఖ్యను రాష్ట్రప్రభుత్వాలు ప్రధానంగా హోటళ్లు, సత్రాలవంటి బస స్థలాల నుంచి సేకరించి కేంద్రానికి పంపుతూ వచ్చాయి.

ఇప్పుడు శివరాత్రినాటి కోటప్పకొండను ఊహించుకోండి. ఆ రాత్రి వచ్చినవాడు పడుకోవడానికి రాలేదు, జాగారం చేయడానికి వచ్చాడు. ప్రభ కింద, బండి పక్కన, పొలం గట్టు మీద కూర్చుని తెల్లవార్చుతాడు. రాత్రి అక్కడే ఉన్నాడు గనుక నిర్వచనం ప్రకారం పర్యాటకుడే. ఏ గదిలోనూ దిగలేదు గనుక ఏ పుస్తకంలోనూ అతని పేరు లేదు. కొన్ని లక్షలమంది ఒకే రాత్రి మేలుకొని ఉండే చోట, నిద్రపోయినవారిని మాత్రమే లెక్కించే పద్ధతి ఎంతవరకు పనికివస్తుంది?

అతను తన ఊరిపేరు దాచుకుని వస్తాడా అంటే, అదీ లేదు. ప్రభ అంటేనే ఒక ఊరి ప్రకటన. వెదురుబొంగులతో ఎనభై, తొంభై అడుగుల ఎత్తున కట్టి, రంగుగుడ్డలు చుట్టి, విద్యుద్దీపాలు అమర్చి, ఊరిపేరు పెద్ద అక్షరాలతో వ్రాసి మరీ తెస్తారు. కావూరు, మద్దిరాల, యడవల్లి, పురుషోత్తమపట్నం ప్రభలు పేరెన్నికగన్నవి. ఒక ఊరు ప్రభ కట్టడం మానేస్తే ఆ ఊళ్లో ఏదో మారిందని అర్థం. పంటలు పోయి ఉండవచ్చు, కక్షలు ముదిరి ఉండవచ్చు, యువకులు పట్నాలకు వలసపోయి ఉండవచ్చు. దశాబ్దాల వారీగా ఏయే ఊళ్ల ప్రభలు వచ్చాయో, ఏవి మానుకున్నాయో, ఏవి కొత్తగా చేరాయో వ్రాసిపెడితే అది పల్నాటి సామాజిక చరిత్రే అవుతుంది. చోదకశక్తి ఎడ్లనుంచి ట్రాక్టరుకు, వెలుగు దివిటీనుంచి జనరేటరుకు మారిన క్రమం కూడా అందులోనే దొరుకుతుంది.

నిజానికి యాత్రికుని కష్టాన్ని గమనించి ఏర్పాటు మార్చుకోవడమన్నది ఈ కొండకు కొత్త కాదు. స్థలపురాణమే ఆ మాట చెబుతున్నది. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ కొండ శిఖరానికి ఎక్కి శివుణ్ణి కొలిచేది. గర్భవతియై, ఎక్కలేని స్థితిలో, నా ఇంటికే రావయ్యా అని వేడుకొన్నది. నీవు ముందు నడువు, నేను వెనుక వస్తాను, తిరిగి చూడవద్దు అన్నాడు స్వామి. దిగుతూ దిగుతూ ఆమె వెనుదిరిగి చూసింది. చూసిన చోటనే ఆయన నిలిచిపోయాడు. పైన పాత కోటేశ్వరుని గుడి, కింద కొత్త కోటేశ్వరుని గుడి అలా ఏర్పడ్డాయని కథ. విశ్వాసం మాట ఎలా ఉన్నా ఇందులోని భావం గమనింపదగినది. ఎక్కలేని ఒక ఆడకూతురి కోసం దైవమే కొన్ని అడుగులు దిగివచ్చాడు. కొండ ఎక్కేవారు "చేదుకో కోటయ్యా, చేదుకో" అని కేకవేయడంలోనూ ఆ భావమే ఉన్నది. బావిలోని నీటిని చేదతో పైకి తోడుకున్నట్లు నన్ను పైకి లాక్కోవయ్యా అని మొర.

ఆ మొరకు ఆధునిక కాలం ఇచ్చిన జవాబు ఘాటురోడ్డు. అప్పటి నరసరావుపేట శాసనసభ్యుడు డాక్టర్ కోడెల శివప్రసాదరావు చొరవతో 1999లో అది వాడుకలోకి వచ్చింది. వృద్ధులు, చంటిపిల్లల తల్లులు, మెట్లెక్కలేనివారు గుడి వాకిలిదాకా చేరుకోగలిగారు. శివరాత్రికి ఒక్కనాడు కిక్కిరిసే కొండకు ఏడాది పొడవునా కుటుంబాలతో రావడం సులువైంది. ఒక్క రోడ్డు యాత్రికుల స్వభావాన్నే మార్చగలదనడానికి ఇది మంచి ఉదాహరణ. ఎటొచ్చీ ఆ మార్పు ఎంత, ఎవరిలో అన్నదే అడిగి తెలుసుకోవలసిన సంగతి. మెట్లదారి ఎవరికి మిగిలింది? మొక్కుగా నడిచేవారెందరు, బండి ఖర్చు లేక నడిచేవారెందరు? రోడ్డు వచ్చాక మెట్లదారిలో చిన్న వ్యాపారం చేసుకునేవారు ఏమయ్యారు?

ఇలాంటి ప్రశ్నలకు పెద్ద యంత్రాంగం అవసరం లేదు. ప్రత్యేక బస్సుల టిక్కెట్లలో ఏ ఊరినుంచి ఎందరు వచ్చారో ఉంటుంది. తలనీలాల టిక్కెట్లు, ప్రసాదాల అమ్మకాలు రోజువారీగా ఉంటాయి. తిరుమలలో ప్రతిదినం దర్శనం చేసుకున్నవారి సంఖ్య, తలనీలాలిచ్చినవారి సంఖ్య ప్రకటిస్తూనే ఉన్నారు. వీటికితోడు మెట్ల మొదట్లోనూ, ఘాటురోడ్డు చివరా, బస్సులు ఆగేచోటా నిలబడి, వచ్చిన ప్రతి యాభయ్యవ మనిషిని పది ప్రశ్నలు అడిగితే చాలు. శివరాత్రినాడే కాక కార్తీక సోమవారాల్లో, వేసవి పెళ్లిళ్ల రోజుల్లో, ఏ విశేషమూ లేని మంగళవారం నాడు కూడా అడగాలి. పర్వదినాన చేసిన లెక్క పర్వదినానికే పనికివస్తుంది.

కనీసం ప్రాణాల కోసమైనా ఈ పని చేయాలి. 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కరఘాటులో పాతికమందికి పైగా తొక్కిసలాటలో మరణించారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శన టోకెన్ల కోసం నిలబడిన ఆరుగురు అలాగే పోయారు. ఎందరు వస్తారన్న సంఖ్య ఒక్కటీ తెలిస్తే చాలదు. ఏ ఘడియకు, ఏ దారిన, ఎందుకోసం ఒక్కచోటికే తోసుకువస్తారన్నది తెలియాలి. ముహూర్తం మీద, మొదటి దర్శనం మీద జనానికి ఉన్న నమ్మకాన్ని తెలుసుకోకుండా కట్టిన కంచెలు ఆపదకే దారితీస్తాయి.

ప్రచారం మాటకు వస్తే, బాపట్ల దగ్గరి సూర్యలంక సముద్రతీరాన్ని చూడండి. విహారస్థలంగా దానికెంతో ప్రచారం జరుగుతున్నది. కాని కార్తీక పూర్ణిమనాడు అక్కడికి వచ్చే జనసమూహం సముద్రస్నానం కోసం వస్తుంది. వారికి కావలసింది బట్టలు మార్చుకోవడానికి చాటు, తాగడానికి మంచినీళ్లు, దీపం వదలడానికి కాస్త చోటు, స్నానం చేసేవారిని కనిపెట్టి ఉండే గజయీతగాళ్లు. ప్రకటన బొమ్మలో ఇసుక మీద గొడుగు కింద పడుకున్న మనిషికీ వీరికీ పోలిక లేదు. రాని అతిథి కోసం ఇల్లు అలంకరించి, వచ్చిన చుట్టానికి మంచినీళ్లివ్వడం మరచినట్లుంటుంది ఈ వ్యవహారం. కోటప్పకొండ విషయంలోనూ ఇదే జరగకూడదు. రోప్‌వేలూ, ఉద్యానవనాలూ వద్దని ఎవరూ అనరు. ముందుగా ఎవరి కొండ అది అన్నది తేల్చుకోవాలి.

1830లో మద్రాసునుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిపొడవునా మజిలీలు, నీటివసతి, అంగళ్లు, ఊళ్ల స్థితిగతులు వ్రాసుకుంటూ పోయాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర తరువాతి యాత్రికులకు దారి చూపింది. యాత్రికుని నోటితోనే యాత్రను తెలుసుకోవచ్చునని తెలుగువారికి అప్పుడే తెలిసింది. తలకు సుంకం వేసినవారు, టీకా వేసినవారు, లాఠీ ఎత్తినవారు మన యాత్రికుణ్ణి లెక్కపెట్టారు. అతని పక్కన మెట్టు మీద కూర్చుని, ఏ ఊరు నాయనా, ఎలా వచ్చావు, ఏం ఇబ్బంది పడ్డావు అని ఓపికగా అడిగేవారు ఇంకా రావలసి ఉన్నది.