వేసవి మిక్స్

సోల్, ఫంక్, హిప్‌హాప్ పాటలను నడక తెగకుండా ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చినట్టు కలిపి, గంటో గంటన్నరో నిడివితో ఎండాకాలంలో వినడానికి కూర్చే మాలికను వేసవి మిక్స్ అంటారు. అమెరికా నగరాల నల్లజాతి వాడల్లో పుట్టిన ఈ అలవాటు క్యాసెట్ల మీదుగా, ఆ తర్వాత ఇంటర్నెట్ మీదుగా దేశాలు దాటింది. పైపైన చూస్తే ఇది మూడు బాణీల కదంబం. సోల్‌కు మూలం చర్చి గానం, ఫంక్‌కు ప్రాణం బేస్ గిటారు, డ్రమ్ముల పట్టు, హిప్‌హాప్‌కు ఆయువు మాట. ఈ మూడింటినీ ఒకే దారాన గుచ్చడానికి రుతువు పేరు సాకుగా చాలదేమో అనిపిస్తుంది. చరిత్రలోకి దిగితే సంగతి తిరగబడుతుంది. పాత సోల్, ఫంక్ రికార్డులను పక్కపక్కన పెట్టి కలిపే పనిలోంచే హిప్‌హాప్ పుట్టింది. ఆ పని పెరిగి పెద్దదైంది కూడా ఎండాకాలపు సాయంత్రాల్లో, నలుగురూ తిరిగే చోటే. కాబట్టి వేసవి మిక్స్‌లో ఈ మూడూ కలవడం కూర్చేవాడి చమత్కారమేమీ కాదు. విడిపోయిన కుటుంబాన్ని మళ్ళీ ఒక పందిరి కిందికి పిలవడం లాంటిది.

ముందు వేసవి సంగతి చూడాలి. తెలుగు పాఠకుడికి ఈ మాట వింటే వడగాడ్పు, మిట్టమధ్యాహ్నం మూసుకున్న తలుపులు గుర్తొస్తాయి. న్యూయార్క్‌, ఫిలడెల్ఫియా, డెట్రాయిట్ నగరాల్లో లెక్క వేరు. నెలల తరబడి చలి మనుషుల్ని లోపల కట్టిపడేస్తుంది. జూన్ వచ్చేసరికి బళ్ళకు సెలవులు, ఇటుక గోడల అపార్టుమెంట్లలో ఉక్కపోత. ఏసీ లేని పేదవాడల్లో జనం మెట్ల మీదికి, వీధుల్లోకి, పార్కుల్లోకి వచ్చేసేవారు. పిల్లలు అగ్నిమాపక కొళాయిలు తిప్పి నీళ్ళలో తడిసేవారు. ఒకప్పుడు మన ఊళ్ళలో ఆరుబయట మంచాలు వాల్చుకున్న రాత్రి ఒక ఇంటి రేడియో వీధి మొత్తానికి రేడియో అయినట్టు, అక్కడా పాట సొంత ఆస్తిగా ఉండడం మానేసేది. సోల్ సంగీతం ఈ సంగతి మొదట్లోనే పట్టుకుంది. డెట్రాయిట్‌లో మోటౌన్ సంస్థకు పాడిన మార్తా అండ్ ది వాండెల్లాస్ 1963లో ‘హీట్ వేవ్’, 1964లో ‘డ్యాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్’ విడుదల చేశారు. మొదటిదాని పేరులో ఎండ ఉంది, రెండోదాని పేరులో వీధి ఉంది. 1969 వేసవిలో న్యూయార్క్ నగరపు హార్లెమ్‌లోని మౌంట్ మారిస్ పార్కులో (ఇప్పుడది మార్కస్ గార్వీ పార్కు) ఆరు ఆదివారాలు జరిగిన సాంస్కృతికోత్సవానికి స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్, స్టీవీ వండర్, నీనా సిమోన్ వచ్చారు. అదే ఏడు స్లై బృందం ‘హాట్ ఫన్ ఇన్ ది సమ్మర్‌టైమ్’ కూడా తెచ్చింది.

ఇక్కడిదాకా ఉన్నవి పాటలూ, కచేరీలూ. మిక్స్ అనే పనికి బీజం పడింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కుందామని ఒక పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టికెట్టు. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్, లోకానికి డీజే కూల్ హెర్క్. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి 1967లో బ్రాంక్స్ వచ్చాడు. వీధిలో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి జనాన్ని ఆడించే సౌండ్ సిస్టమ్ సంప్రదాయం ఆయన పుట్టిన ఊరిది. పాట మొత్తం కంటే ‘బ్రేక్’ వచ్చినప్పుడే గుంపు ఎక్కువ ఊగిపోతోందని ఆయన గమనించాడు. బ్రేక్ అంటే గాయకుడు, బాకాలు ఆగిపోయి డ్రమ్ములు మాత్రం మిగిలే కొద్ది క్షణాలు. మన కచేరీలో తని ఆవర్తనం దీనికి దూరపు చుట్టం, నిడివి మాత్రం అందులో వందో వంతు ఉండదు. ఒకే రికార్డు రెండు ప్రతులు రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఒకదాని బ్రేక్ అయిపోగానే రెండోదానిలో మళ్ళీ అదే బ్రేక్ వేస్తూ ఆ క్షణాల్ని నిమిషాలుగా సాగదీశాడు. దీనికి ‘మెర్రీ గో రౌండ్’ అని పేరు పెట్టుకున్నాడు. ఆ తిరుగుడులో ఉన్నవి జేమ్స్ బ్రౌన్ ఫంక్ రికార్డు, ఇన్‌క్రెడిబుల్ బాంగో బ్యాండ్ 1973లో తెచ్చిన ఆల్బమ్ లాంటివి. అంటే హిప్‌హాప్‌కు సొంత రికార్డు ఒక్కటీ లేని రోజుల్లో దాని కచేరీ మొత్తం ఇతరుల పాటలే.

మిక్స్ పెరిగింది ఎండాకాలపు ఆరుబయటే అన్న మాటకు ఒక అభ్యంతరం ఉంది, తీసిపారేసేది కాదు. ఆ తొలి పార్టీ జరిగింది భవనం లోపలి వినోదపు గదిలో, ఆరుబయట కాదు. పైగా పాటను పాటలోకి జార్చే విద్య అంతకుముందే మాన్‌హాటన్ క్లబ్బుల్లో ఉంది. ఫ్రాన్సిస్ గ్రాసో లాంటివాళ్ళు 1970 ప్రాంతంలోనే రెండు రికార్డుల లయ సరిచూసి కలిపేవారు. డేవిడ్ మన్‌కూసో తన ‘లాఫ్ట్’లో రాత్రంతా పాటలతో ఒక ప్రయాణం నడిపేవాడు. వాళ్ళను పక్కన పెట్టి ఘనతంతా పార్కులకు కట్టబెట్టడం న్యాయమా? లయ కలిపే విద్యకు క్లబ్బులే పెద్దన్నలు, అందులో వాదం లేదు. అయితే క్లబ్బుకు తలుపుంది, టికెట్టుంది, వచ్చేవాళ్ళకు ఒకే రకం రుచి ఉంది. హెర్క్ గది చాలక సీడార్ పార్కుకు మారాక, ఆయన చూపిన దారిలో మిగతావాళ్ళు వీధి దీపపు స్తంభం నుంచి కరెంటు లాక్కుని బాస్కెట్‌బాల్ మైదానాల్లో స్పీకర్లు పెట్టాక, వినేవాళ్ళలో పదేళ్ళ పిల్లాడి దగ్గర్నుంచి వాడి తల్లి, అమ్మమ్మ దాకా చేరారు. అమ్మమ్మకు తెలిసిన పాటా, పిల్లాడికి నచ్చే దరువూ ఒకే గంటలో రావాల్సిన అవసరం అక్కడ పుట్టింది. క్లబ్బు డీజేకు ఆ అవసరం లేదు. వేసవి మిక్స్‌లో తరాలు కలగలిసి ఉండటానికి కారణం ఇదేనని నా అంచనా. పాటల్లో ఎండ ప్రస్తావన ఉందా లేదా అన్నది దాని ముందు చిన్న విషయం.

1977 జులై 13 రాత్రి న్యూయార్క్ చీకట్లో మునిగి దుకాణాలు లూటీ అయ్యాక వీధి డీజేల సంఖ్య ఒక్కసారిగా పెరిగిందని ఆ కాలపు కళాకారులే చెప్పుకునేవారు. సామాను పెరగడం ఒక ఎత్తు, చేతివాటం పదునెక్కడం ఇంకో ఎత్తు. బార్బడోస్‌లో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డు మీద క్రేయాన్‌తో గుర్తు పెట్టుకుని, హెడ్‌ఫోన్‌లో ముందే విని, సరిగ్గా దెబ్బ పడే చోట వదిలే పద్ధతికి శాస్త్రంలాంటి క్రమం తెచ్చాడు. 1981లో ఆయన తెచ్చిన ‘అడ్వెంచర్స్ ఆన్ ది వీల్స్ ఆఫ్ స్టీల్’ దాదాపు పూర్తిగా ఇతరుల రికార్డుల నుంచి చేత్తో కలిపి చేసిన ఏడు నిమిషాల పాట. దాని నడుమ వినిపించే షీక్ బృందపు ‘గుడ్ టైమ్స్’ కథ మన వాదానికి మంచి సాక్షి. 1979 ఆగస్టులో అది అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానం చేరింది. ఆ సెప్టెంబరులోనే షుగర్‌హిల్ గ్యాంగ్ అదే బేస్ వరుస మీద ‘రాపర్స్ డిలైట్’ పాడి హిప్‌హాప్‌ను రేడియోకు ఎక్కించింది. ఒక వేసవి డిస్కో పాట ఆకు రాలే కాలానికల్లా రాప్ పాటకు తల్లి అయింది.

పార్కులో మోగింది గాలిలో కలిసిపోతుంది. దాన్ని చేతికి చిక్కించింది క్యాసెట్. ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన ఈ చిన్న పెట్టె మొదట గొంతు రికార్డు చేసుకోవడానికి ఉద్దేశించింది, సంగీతానికి తర్వాత అలవాటు పడింది. బ్రాంక్స్, హార్లెమ్ డీజేల పార్టీ టేపులు చేతులు మారుతూ టాక్సీల్లో, భుజాన మోసే పెద్ద టేప్ రికార్డర్లలో తిరిగాయి. 90 నిమిషాల టేపుకు ఒక్కో వైపు 45 నిమిషాలు. మిక్స్ ఆకారాన్ని చాలావరకు ఈ కొలతే నిర్ణయించింది. రెండు వైపులు కాబట్టి రెండు ఘట్టాలు, మొదటి వైపు పగటి ఎండ, తిప్పితే రాత్రి చల్లదనం. 1980ల్లో తెలుగు ఊళ్ళలో రికార్డింగ్ సెంటరుకు పోయి, కాగితం మీద సినిమా పాటల జాబితా రాసిచ్చి ఖాళీ క్యాసెట్ నింపించుకున్నవాళ్ళకు ఈ లెక్కలోని సగం ఆనందం తెలిసే ఉంటుంది. వరుస ఎంచుకునే ఆనందం అది. పాటకూ పాటకూ మధ్య అతుకు కనపడకుండా చేసే రెండో సగం మాత్రం టర్న్‌టేబుల్ పనివాడిది.

ఆ పనిలోని సూక్ష్మం కొంచెం వివరించాలి, ఎందుకంటే దీన్ని ‘పాటలు ఎంచి పేర్చడమే కదా’ అని కొట్టిపారేసేవాళ్ళు ఎక్కువ. కాలప్రమాణం మొదటి చిక్కు. నిమిషానికి 110 దరువుల ఫంక్ పాట నుంచి 95 దరువుల రాప్ పాటకు రావాలంటే ఎక్కడో మెట్టు కట్టాలి. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్, 1979లో వచ్చిన దాని రెండో రూపం డీజేల చేతి పనిముట్టుగా స్థిరపడ్డాయి. ఈ రెండో రూపంలో పిచ్ మీటను అటూ ఇటూ జరిపితే వేగం 8 శాతం దాకా మారుతుంది. అయితే వేగంతో పాటు శృతీ కదులుతుంది. దాదాపు 6 శాతం పెరిగితే పాట ఒక స్వరస్థానం పైకి పోతుంది. శృతి కలవని రెండు పాటలు ఒకదాని మీద ఒకటి పడితే లయ ఎంత సరిపోయినా చెవికి ములుకు గుచ్చుకున్నట్టే. కాబట్టి మంచి మిక్స్‌లో 110 నుంచి 95కు ఒక్క దూకు ఉండదు. గాయకుడు ఆగి డ్రమ్ములు మాత్రమే మిగిలే బ్రేక్ దగ్గరే శృతి గొడవ లేకుండా చేయి మారుతుంది. హెర్క్ నాట్యం కోసం వెతికిన ఆ ఖాళీ జాగానే తర్వాతివాళ్ళకు వంతెన అయింది. తర్వాత సాఫ్ట్‌వేర్ వచ్చి వేగాన్నీ శృతినీ విడదీసింది, పని తేలికైంది. కానీ ఏ పాట పక్కన ఏది పెడితే రెండూ వెలుగుతాయో సాఫ్ట్‌వేర్ చెప్పదు.

ఈ పక్కపక్క పెట్టడానికి అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ కూల్ అండ్ ది గ్యాంగ్ 1974లో తెచ్చిన ‘సమ్మర్ మ్యాడ్‌నెస్’. అందులో మాటలు దాదాపు లేవు. తేలే కీబోర్డు, దాని పైన ఆకాశానికి జారిపోయేలా పైకి పైకి పోయే సింథసైజర్ నాదం, అంతే. 1991లో ఫిలడెల్ఫియాకు చెందిన డీజే జాజీ జెఫ్ అండ్ ది ఫ్రెష్ ప్రిన్స్ దాన్ని ఆధారం చేసుకుని ‘సమ్మర్‌టైమ్’ తెచ్చారు. అమెరికా జాబితాలో నాలుగో స్థానం, మరుసటి ఏడు గ్రామీ. పాట విషయం కొత్తదేమీ కాదు: పార్కు, కార్లు, కుటుంబాల విందు, పాత పాటలు వింటూ గడిచే పొద్దు. ఒక రాప్ పాట తన తల్లిదండ్రుల వేసవిని వాళ్ళ పాట మీదే కూర్చుని తలుచుకోవడం ఇక్కడి విశేషం. 2010 నుంచి జాజీ జెఫ్, మిక్ అనే మరో డీజేతో కలిసి అదే పేరుతో వేసవి మిక్స్‌టేపులు ఉచితంగా విడుదల చేస్తూ వచ్చాడు. రాయ్ ఏయర్స్ 1976 నాటి ‘ఎవ్రీబడీ లవ్స్ ది సన్‌షైన్’దీ ఇదే దారి. మేరీ జె. బ్లైజ్ 1994లో దాన్ని ‘మై లైఫ్’కు పునాది చేసుకుంది. ఈ రెండు జంటల్ని పక్కపక్కన వేసే డీజే చరిత్ర పాఠం చెబుతున్నట్టే, వినేవాడికి మాత్రం పాఠం విన్నట్టు ఉండదు.

ఇదంతా గతం మీద మమకారమే అని ఒక విమర్శ. మరో విమర్శ ఇంకా ఘాటైనది: వేసవి పాట అనేది రికార్డు కంపెనీల వ్యాపార ఎత్తుగడ, మిక్స్‌లు దానికి వాహకాలు. రెండో మాటలో నిజం ఉంది, వేసవికి ఒక పాటను మోయడం కంపెనీలకు అలవాటే. అయితే వేసవి మిక్స్ వరుసల్లో కంపెనీ మోసిన పాటలకంటే అది మరిచిపోయిన పాటలకే పీట ఎక్కువ. 1986 నుంచి 1991 దాకా 25 భాగాలుగా వచ్చిన ‘అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్’ సంకలనాలు అలాంటి మరుగునపడ్డ రికార్డుల్నే డీజేలకు అందించాయి. లండన్‌లో నార్మన్ జే తన ‘గుడ్ టైమ్స్’ సౌండ్ సిస్టమ్‌తో ఆగస్టు చివరి నాటింగ్ హిల్ కార్నివాల్‌లో ఇలాంటి పాత అమెరికన్ పాటలకు మళ్ళీ ప్రాణం పోశాడు. వాటికి ‘రేర్ గ్రూవ్’ అన్న పేరూ ఆయన పెట్టిందే. 1999లో డీజే షాడో, కట్ కెమిస్ట్ కలిసి చేసిన ‘బ్రెయిన్‌ఫ్రీజ్’ అయితే మొత్తం ఏడు అంగుళాల సోల్, ఫంక్ రికార్డులతోనే నడుస్తుంది. అందులోని చాలా బృందాల పేర్లు అప్పటికి కంపెనీలకే గుర్తులేవు. మొదటి విమర్శకు జవాబు కూడా ఇందులోనే ఉంది. మమకారం తెలిసిన పాటనే మళ్ళీ అడుగుతుంది. మంచి మిక్స్ తెలిసిన పాటను ఎరగా వేసి తెలియనిదాన్ని వినిపిస్తుంది.

చట్టం పేచీ మాత్రం ఇంత తేలిగ్గా తీరదు. ‘సమ్మర్‌టైమ్’ వచ్చిన 1991లోనే, డిసెంబరులో, రాపర్ బిజ్ మార్కీ వాడుకున్న ఒక పాత పాట ముక్క మీద న్యూయార్క్ కోర్టు ఇచ్చిన తీర్పు దొంగతనం చేయరాదన్న బైబిలు ఆజ్ఞతో మొదలైంది. దాని తర్వాత అనుమతి లేని ముక్క వాడడం ఖరీదైన సాహసమైంది. పాటలకు పాటలే వాడే మిక్స్‌టేపులు ఇంకా బలహీనమైన నేల మీద నిలబడ్డాయి. 2007 జనవరిలో అట్లాంటాలో డీజే డ్రామా స్టూడియో మీద పోలీసులు దాడి చేసి అరెస్టులు చేశారు. అప్పటికే కంపెనీలు తమ కొత్త గాయకుల ప్రచారానికి అవే మిక్స్‌టేపుల్ని వాడుకుంటుండటం ఇందులోని వింత. పాట రాసినవాడికి డబ్బు అందకపోతే అన్యాయమే, డీజే ప్రేమ దానికి పరిహారం కాదు. జేమ్స్ బ్రౌన్ పాట ‘ఫంకీ డ్రమ్మర్’లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ డ్రమ్ములు వాయించిన కొన్ని క్షణాలు వందల రాప్ పాటల్లో మోగాయి. ఆ పాట హక్కుల్లో ఆయనకు వాటా లేదు కాబట్టి రాబడీ లేదు. ఇక్కడ తప్పు మిక్స్ చేసేవాడి కంటే ముందే, అసలు రికార్డు ఒప్పందంలోనే మొదలైందని గమనించాలి.

స్ట్రీమింగ్ సంస్థలు వచ్చాక వేసవి జాబితాలు యంత్రమే తయారుచేసి ఇస్తోంది, పాట చివర తర్వాతి పాట మొదలును తానే జార్చి కలుపుతోంది. దీంతో మిక్స్ పని అయిపోయిందన్నవాళ్ళున్నారు. యంత్రం ఒకే మనిషి పాత ఇష్టాలను లెక్కగట్టి అతనికే తిరిగి వడ్డిస్తుంది. సీడార్ పార్కులో లెక్క గుంపుది, అదీ వయసుల తేడాలున్న గుంపుది. ఆ తేడా 2020 మార్చిలో బయటపడింది. కొవిడ్ వీధుల్ని ఖాళీ చేసినప్పుడు, బ్రాంక్స్ బృందం బూగీ డౌన్ ప్రొడక్షన్స్‌లో ఒకప్పటి సభ్యుడైన డీజే డి-నైస్ తన ఇంట్లోంచి ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రత్యక్షంగా గంటల తరబడి సోల్, ఫంక్, హిప్‌హాప్ కలుపుతూ పోయాడు. ఒక రాత్రి లక్ష మందికి పైగా ఒకేసారి విన్నారు. యంత్రం కూర్చిన జాబితాలు వాళ్ళందరి ఫోన్లలోనూ అప్పటికే ఉన్నాయి.