మృదు సిగార్

ఘాటు తక్కువగా ఉండి, పొగ నున్నగా వచ్చి, నాలుక మీద పలచగా మీగడ పూసినట్టు తోచే సిగార్‌ను మృదు సిగార్ అంటారు. సాధారణంగా లేత గోధుమ రంగు పైఆకు దీనికి గుర్తు. అమెరికాలోని కనెక్టికట్ నదీలోయలో గుడ్డ పందిళ్ల కింద పెంచే ‘కనెక్టికట్ షేడ్’ ఆకుతో ఈ రకానికి పేరొచ్చింది. ఇప్పుడు ఈక్వడార్‌లో పెంచిన ఆకునూ విరివిగా వాడుతున్నారు.

నిర్మాణం

చేతితో చుట్టే సిగార్‌లో మూడు భాగాలుంటాయి. లోపల పొడుగాటి ఆకుల కట్ట, దాన్ని పట్టి ఉంచే కట్టుఆకు, అన్నిటికీ పైన రాపర్ అనే పైఆకు. పైఆకు బరువులో కొద్దిపాటిదే అయినా ఆకుల్లో ఎక్కువ ఖరీదైనది అదే. అది చిరుగు, మచ్చ, లావు ఈనె లేకుండా, సాగదీసి చుట్టినా తెగకుండా ఉండాలి. పెదవికి తగిలేదీ, కంటికి ఆనేదీ అదే. పైఆకుల్లో లేత రంగు వాటిని క్లారో అనీ, ఎరుపు కలిసిన గోధుమ రంగు వాటిని కొలరాడో అనీ, నల్లగా మాగిన వాటిని మదురో అనీ స్పానిష్ పేర్లతో పిలుస్తారు. మృదు సిగార్ ఎక్కువగా క్లారో ఛాయలో ఉంటుంది. అయితే ఘాటును నిర్ణయించేది ముఖ్యంగా లోపలి ఆకు. లేత రంగు పైఆకు కింద ఘాటైన ఆకు పెట్టి చుట్టిన సిగార్లూ ఉన్నాయి.

తొలి చరిత్ర

1492లో కొలంబస్ మనుషులు క్యూబాలో స్థానికులు ఆకు చుట్టి పొగ తాగడం చూశారు. తరవాతి రెండున్నర శతాబ్దాల్లో ఆ అలవాటు స్పెయిన్ మీదుగా ఐరోపా అంతటా పాకింది. కనెక్టికట్ లోయలోని విండ్సర్ పరిసరాల్లో ఆంగ్లేయ వలసదారులు 17వ శతాబ్దంలోనే పొగాకు వేశారు. 1762లో బ్రిటిష్ సేన హవానాను పట్టుకున్నప్పుడు ఆ దండయాత్రలో ఉన్న ఇజ్రాయెల్ పట్నమ్ అనే సైనికాధికారి క్యూబా సిగార్లను కనెక్టికట్‌కు మోసుకొచ్చాడని స్థానికంగా చెప్పుకుంటారు. 19వ శతాబ్దంలో ఆ లోయ సిగార్ ఆకుకు నెలవైంది. బ్రాడ్‌లీఫ్ అనే వెడల్పాటి ఆకు, హవానా సీడ్ అనే మరో రకం ఎండలోనే పండేవి.

సుమత్రా పోటీ

కనెక్టికట్ రైతుకు పెద్ద దెబ్బ తూర్పు దేశం నుంచి తగిలింది. 1863లో యాకోబస్ నైన్‌హైస్ అనే డచ్చి వర్తకుడు సుమత్రా దీవిలోని డేలీ ప్రాంతంలో పొగాకు తోటలు మొదలుపెట్టాడు. అక్కడి ఆకు పట్టులా పలచన, రంగు అంతటా ఒక్క తీరు, ఈనెలు కనీకనపడనట్టు ఉండేవి. తక్కువ బరువు ఆకుతో ఎక్కువ సిగార్లు చుట్టవచ్చు కాబట్టి అమెరికా కార్ఖానాల వాళ్లు సముద్రం దాటి వచ్చిన ఆ ఆకు వైపే మొగ్గారు. 1890 నాటి మెకిన్లీ సుంకం చట్టం పైఆకు దిగుమతి మీద పౌనుకు 2 డాలర్ల పన్ను వేసింది. అయినా సుమత్రా ఆకుకు గిరాకీ తగ్గలేదు. అలాంటి ఆకును సొంత నేలలో పండించడమే మిగిలిన దారి.

గుడ్డ పందిరి (1900–1910)

నీడలో పెంచిన పొగాకు ఆకు పలచబడుతుందని ఫ్లోరిడాలోని గాడ్స్‌డెన్ కౌంటీ రైతులు 1890ల్లోనే కనిపెట్టారు. ఆ ఉపాయాన్ని ఉత్తరానికి తెచ్చింది అమెరికా వ్యవసాయ శాఖ. ఆ శాఖలో నేలల విభాగానికి అధిపతి మిల్టన్ విట్నీ. పొగాకు నిపుణుడు మార్కస్ ఫ్లాయిడ్ ఆయన తరఫున పొలంలోకి దిగాడు. 1875లో పుట్టిన కనెక్టికట్ వ్యవసాయ ప్రయోగ కేంద్రం వీరికి తోడైంది. 1900లో విండ్సర్ పట్టణంలోని పొక్వొనాక్‌లో ఎకరంలో మూడో వంతు నేల మీద తొలి పందిరి లేచింది. గుంజలు పాతి, తీగలు లాగి, పైనా చుట్టూ పలచని నూలు గుడ్డ కట్టి, లోపల సుమత్రా విత్తనం నారు నాటారు.

ఆ పందిరి చేసిన పని ఎండను వడకట్టడమొక్కటే కాదు. గాలిలోని తేమను అది లోపలే పట్టి ఉంచింది, గాలివానకు ఆకు చిరగకుండా కాచింది, పురుగులను చాలావరకు ఆపింది. ఎండ చాలని మొక్క వెలుగు కోసం ఆకును వెడల్పుగా, పలచగా పరుస్తుంది. దానివల్ల నూనె, జిగురు తగ్గి ఘాటు చల్లబడుతుంది. పొగ తాగేవాడు ఒక శతాబ్దం తరవాత ‘మీగడలాంటి నునుపు’ అని మెచ్చుకునే గుణానికి మూలం ఈ గుడ్డ నీడే.

తొలి పంట చూసి పెట్టుబడిదారులు ఎగబడ్డారు. రెండేళ్లలోనే ఎకరాలకు ఎకరాలు గుడ్డ కింద చేరాయి. గుడ్డకు, గుంజలకు, కూలికి అయ్యే ఖర్చు మామూలు సాగుకు ఎన్నో రెట్లు. పైగా తెచ్చిన విత్తనం ఒక్క తీరుగా మొలవలేదు. ఒకే వరసలో పొడుగూ పొట్టీ, వెడల్పూ సన్నమూ కలగలిసి పండాయి. చాలామంది చేతులు కాల్చుకుని తప్పుకున్నారు.

ఇక్కడ ఆర్చిబాల్డ్ షామెల్ చేసిన ఓపికైన పనిని చెప్పుకోవాలి. వ్యవసాయ శాఖ పంపగా ఆయన 1903 నుంచి ఈ లోయలో విత్తనం మీద పనిచేశాడు. మేలైన మొక్కను ఎంచి, పూగుత్తి విచ్చకముందే దానికి కాగితం సంచి తొడిగేవాడు. పక్క మొక్క పుప్పొడి సోకకుండా అదే మొక్క విత్తనం కట్టేది. మరుసటి ఏడు ఆ విత్తనంతో వేసిన వరస అచ్చు గుద్దినట్టు వచ్చేది. సంచి ఖరీదు కానీకి మించదు గానీ సాగును నిలబెట్టిన వాటిలో అదొకటి. క్రమంగా సుమత్రా విత్తనం వెనకబడి, క్యూబా విత్తనం నుంచి ఎంపిక చేసిన వంగడాలు స్థిరపడ్డాయి. నేటి కనెక్టికట్ షేడ్ వాటి సంతతే. 1910 నాటికి సాగు పెద్ద కంపెనీల చేతికి వచ్చింది. 1921లో ప్రయోగ కేంద్రం విండ్సర్‌లో పొగాకుకే ప్రత్యేకంగా ఒక శాఖ తెరిచింది.

పందిరి కింద పని

ఆకును అడుగు నుంచి పైకి, మొక్కకు రెండు మూడు చొప్పున, కొన్ని విడతలుగా కోస్తారు. తొలి కోతలో కుర్రాళ్లు నేల మీద కూర్చుని, వరసల మధ్య జరుగుతూ ఆకు తెంపేవారు. షెడ్డులో ఆడవాళ్లు ఆ ఆకును సన్నటి బద్దెలకు దారంతో కుట్టేవారు. ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆకు అల్లడం చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. కుట్టిన ఆకును షెడ్డులో వేలాడదీసి, బొగ్గు సెగతో, తరవాతి కాలంలో గ్యాసు మంటతో ఆరబెట్టేవారు. ఆరిన ఆకును గుట్టలుగా పేర్చి మాగబెడతారు. లోపల వేడి పుట్టి పచ్చివాసన పోతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో కూలీల కొరత తీర్చడానికి దక్షిణాది కళాశాలల నుంచి నల్లజాతి విద్యార్థులను రప్పించారు. 1944 వేసవిలో మోర్‌హౌస్ కళాశాల జట్టుతో సిమ్స్‌బరీలోని కల్మన్ సోదరుల పొలానికి వచ్చిన వారిలో 15 ఏళ్ల మార్టిన్ లూథర్ కింగ్ ఉన్నాడు. హార్ట్‌ఫర్డ్‌లో తెల్లవారితో పాటు ఒకే హోటల్లో కూర్చుని తిన్న సంగతి ఇంటికి రాసిన ఉత్తరాల్లో చెప్పాడు. యుద్ధం తరవాత జమైకా, ప్యూర్టోరికో కూలీలు ఎక్కువయ్యారు. ఈ లోయ పొగాకు తోటలే నేపథ్యంగా ‘పారిష్’ అనే హాలీవుడ్ చిత్రం 1961లో వచ్చింది.

క్యూబా నిషేధం తరవాత

1962 ఫిబ్రవరిలో కెనెడీ ప్రభుత్వం క్యూబా వాణిజ్యాన్ని నిషేధించింది. ఆ ఉత్తర్వు మీద సంతకానికి ముందు రాత్రి అధ్యక్షుడి కోసం 1,200 క్యూబా సిగార్లు కొని తెచ్చానని ఆయన పత్రికా కార్యదర్శి పియర్ సాలింజర్ తరవాత రాశాడు. హవానా ఆకు కరువైన అమెరికాలో మిగతా ప్రాంతాల ఆకుకు చోటు దొరికింది. కింగ్ పనిచేసిన పొలం యజమానుల కుటుంబానికే చెందిన ఎడ్గార్ కల్మన్ 1961లో జనరల్ సిగార్ కంపెనీని కొన్నాడు. ఆ కంపెనీ జమైకాలో చుట్టించి, కనెక్టికట్ షేడ్ పైఆకుతో 1970ల్లో అమెరికా మార్కెట్లో నిలబెట్టిన మకానుడో ఎందరికో తొలి సిగార్ అయింది. మృదు సిగార్ అంటే ఇలా ఉండాలి అనే కొలత దానితోనే ఏర్పడింది.

కీవ్‌లో పుట్టి జెనీవాలో దుకాణం నడిపిన జీనో దావిడాఫ్ పేరిట 1968 నుంచి క్యూబాలో సిగార్లు తయారయ్యాయి. 1989లో ఆ సంస్థ క్యూబాతో తెగదెంపులు చేసుకుని, సిగార్ తయారీదారు హెండ్రిక్ కెల్నర్ చేతి కింద డొమినికన్ రిపబ్లిక్‌లో చుట్టించడం మొదలుపెట్టింది. క్యూబా ఘాటు వదిలి సున్నితత్వానికి మళ్లిన ఈ మార్పు మృదు సిగార్‌కు గౌరవం తెచ్చింది.

రుచి పరిభాష

1992లో మార్విన్ షాంకెన్ స్థాపించిన ‘సిగార్ అఫిషియొనాడో’ పత్రిక సిగార్లకు 100 మార్కుల పద్ధతి తెచ్చింది. ఆయన అప్పటికే ద్రాక్షసారా పత్రిక నడుపుతున్నవాడు, ఆ వర్ణనల తీరే సిగార్‌కూ వచ్చింది. మృదు సిగార్ గురించి ఎక్కువగా వినిపించే మాటలు మీగడ, వెన్న, ఎండుగడ్డి, దేవదారు చెక్క, జీడిపప్పు, పాల కాఫీ, తెల్ల మిరియం. ఇందులో మీగడ అన్నది రుచి పేరు కాదు. నోట్లో పొగ బరువు, నునుపు ఎలా తోచాయో చెప్పే మాట.

రుచి చూసేవారు ముందు చివర కత్తిరించి, వెలిగించకుండానే ఒకసారి పీల్చి పచ్చి ఆకు వాసన చూస్తారు. మంట తగలకుండా సెగతో అంచు అంతా సమంగా రగిలిస్తారు. పొగను ఊపిరితిత్తుల్లోకి తీసుకోరు, నోట్లో నిలిపి కొంచెం ముక్కుగుండా వదులుతారు. నిమిషానికి ఒక్క దమ్ము చాలు. అంతకన్నా తొందరపడితే సిగార్ వేడెక్కి, మృదువైన ఆకు కూడా చేదెక్కుతుంది. ఫ్రెంచివారు సిగార్‌ను మూడు భాగాలు చేసి ఎండుగడ్డి, దివ్యం, పేడనీరు అని సరసంగా పేర్లు పెట్టారు. మృదు సిగార్‌ను మూడో భాగం దాకా తీసుకెళ్లకుండా ఆపేసేవారు ఎక్కువ.

లంక చుట్ట

మృదుత్వానికి పూర్తి ఎదురుగా నిలిచేది గోదావరి లంక చుట్ట. వరద తెచ్చిన ఒండ్రు మీద, నిండు ఎండలో పెరిగే లంక పొగాకు మందం, ఘాటు. 19వ శతాబ్దంలో మద్రాసు రాజధానిలోని ఆంగ్లేయులు దాన్ని ‘లంక’ అనే పిలిచేవారు. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఆ మాట ఉంది. 1890లో వెలువడిన షెర్లాక్ హోమ్స్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లోనూ ఆ చుట్ట ప్రస్తావన ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్టకు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యులు గుర్తించారు.

ఆరోగ్యం

మృదువు అన్న మాట రుచికే వర్తిస్తుంది. సిగార్ పొగకు క్షార గుణం ఉండడంతో ఊపిరి లోపలికి తీసుకోకపోయినా నికోటిన్ నోటి పొర నుంచే రక్తంలో కలుస్తుంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉండవచ్చు. నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు సిగార్ కారణమని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లో ప్రత్యేక గ్రంథమే వెలువరించింది.

నేటి స్థితి

1990ల సిగార్ మోజులో, 1997లో అమెరికాకు 40 కోట్లకు పైగా మేలురకం సిగార్లు దిగుమతయ్యాయి. ఆ మోజు చల్లారాక కనెక్టికట్‌లో పందిళ్లు బాగా తగ్గాయి. కూలి ఖర్చు, ఇళ్ల స్థలాలకు పెరిగిన ధర అందుకు కారణాలు. అదే విత్తనం ఈక్వడార్‌లో వేస్తే అక్కడి మబ్బు కమ్మిన ఆకాశమే పందిరి పని చేస్తుంది, గుడ్డ ఖర్చు ఉండదు. అందుచేత పెట్టె మీద ‘కనెక్టికట్’ అని ఉన్న ఆకు నేడు తరచూ ఈక్వడార్ పొలాల్లో పండినదే. పొక్వొనాక్ పందిరి కింద మొదలైన సాగు చరిత్రను విండ్సర్‌లోని ఒక మ్యూజియం భద్రపరుస్తోంది.