భారతదేశంలో హోటల్ నిర్వహణ విద్య

హోటల్ నిర్వహణ విద్య అనగా వంట, వడ్డన, బస, అతిథి సేవ మొదలైన హోటల్ పనులను, వాటి నిర్వహణను నేర్పు వృత్తి విద్య. సామాన్య వ్యవహారంలో దీనిని హోటల్ మేనేజ్‌మెంట్ అంటారు. ఐరోపాలో ఈ చదువు ప్రయాణికుల కొరకు పుట్టినది. స్విట్జర్లాండులోని లొసాన్ నగరంలో 1893లోనే హోటల్ పాఠశాల వెలసినది. భారతదేశంలో మాత్రం ఇది ఆహార కొరత నుండి పుట్టినది.

చరిత్ర

స్వాతంత్ర్యానంతరపు తొలి సంవత్సరాలలో దేశంలో తిండిగింజల కొరత తీవ్రంగా ఉండేది. 1950-52 మధ్య కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రిగా పనిచేసిన కె.ఎం.మున్షీ భార్య లీలావతీ మున్షీ చొరవతో, అఖిల భారత మహిళా కేంద్ర ఆహార మండలి 1954లో బొంబాయిలో కేటరింగ్ కళాశాలను నెలకొల్పినది. దేశంలో ఈ తరహా సంస్థలలో ఇది మొదటిది. తరువాత 1960లలో ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాలలోనూ ఇటువంటి సంస్థలు ఏర్పడినవి. ప్రైవేటు రంగంలో ఒబెరాయ్ సంస్థ 1966లో సొంత శిక్షణాలయాన్ని ప్రారంభించినది.

ప్రభుత్వ సంస్థలు 1982 వరకు కేంద్ర ఆహార శాఖ క్రింద ఉండి, ఆ సంవత్సరం పర్యాటక శాఖకు బదిలీ అయినవి. వాటి పాఠ్యక్రమం, పరీక్షల కొరకు అదే ఏడాది నేషనల్ కౌన్సిల్ ఫర్ హోటల్ మేనేజ్‌మెంట్ అండ్ కేటరింగ్ టెక్నాలజీ ఏర్పడినది. ఈ సంస్థల పొడవైన పేరు చివర నేటికీ "అప్లైడ్ న్యూట్రిషన్" అనే మాట కనిపించుటకు కారణం ఈ పాత చరిత్రయే.

చదువు

ఇంటర్మీడియట్ తరువాత మూడేళ్ళ బి.ఎస్‌సి. కోర్సు ప్రధానమైనది. దీని ప్రవేశ పరీక్షను 2019 నుండి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహిస్తున్నది. మొదట డిప్లొమాగా ఉన్న ఈ కోర్సు ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంతో, ఆపై జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంతో ఒప్పందం వలన డిగ్రీ అయినది. వంట, వడ్డన, ఫ్రంట్ ఆఫీసు, హౌస్ కీపింగ్ నాలుగు మూల విషయాలు. వంటలో మొదటి ఏడు పాశ్చాత్య పద్ధతి స్టాకులు, సాసులతో మొదలై, ప్రాంతీయ భారతీయ వంటలు రెండవ ఏట గాని రావు. ఇది విమర్శకు తగిన క్రమమే. శాకాహార విద్యార్థులకు ప్రత్యేక ఎంపికను అహ్మదాబాదు, భోపాల్, జైపూర్ సంస్థలు ముందుగా ప్రవేశపెట్టినవి.

ఫుడ్ క్రాఫ్ట్ సంస్థలలో ఏడాదిన్నర కోర్సులు కలవు. చిత్రమేమనగా, పెద్ద హోటళ్ళ మేనేజ్‌మెంట్ ట్రైనీ ఎంపికలలో నెగ్గిన కొద్దిమందిని మినహాయిస్తే, మూడేళ్ళు చదివిన పట్టభద్రుడు కూడా వంటశాలలో కామీ అనే తొలి మెట్టు నుండే ఆరంభించవలసి ఉంటుంది.

పారిశ్రామిక శిక్షణ

రెండవ సంవత్సరంలో ఒక సెమిస్టరు అంతా విద్యార్థి హోటల్‌లో పనిచేయాలి. నాలుగు శాఖలలోనూ వంతులవారీగా పనిచేసి, చేసిన పనిని ప్రతిదినం లాగ్ బుక్‌లో వ్రాయాలి. ఈ చదువులో అత్యంత విలువైనదీ, అత్యంత వివాదాస్పదమైనదీ ఈ భాగమే. పెద్ద హోటల్‌లో ఒక రూమ్ అటెండెంట్ ఒక పనివేళలో సుమారు 14 నుండి 16 గదులు సర్దుతాడు. ఆ వేగం తరగతి గదిలో పట్టుబడదు. అయితే సిబ్బంది తక్కువైన చోట శిక్షణార్థి చవక కూలీగా మారి, వారాల తరబడి ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోవుట కూడా కద్దు. స్టైపెండు, పని గంటలు ఆయా హోటల్‌ను బట్టి మారుతూ ఉంటాయి. విద్యార్థులలో కొందరు హోటల్ రంగాన్నే వదలి విమానయానం, బ్యాంకులు, దుకాణ సముదాయాల వైపు మళ్ళుటకు ఈ అనుభవమూ ఒక కారణం. వంటపనిని చిన్నచూపు చూసే ఇళ్ళ నుండి వచ్చినవారి విషయంలో ఇది మరింత నిజం.

తెలుగు రాష్ట్రాలలో

హైదరాబాదు విద్యానగర్‌లోని కేంద్ర సంస్థ 1972లో ఫుడ్ క్రాఫ్ట్ సంస్థగా మొదలై, తరువాత పూర్తిస్థాయి హోటల్ నిర్వహణ సంస్థ అయినది. గచ్చిబౌలిలో పర్యాటక, ఆతిథ్య నిర్వహణ సంస్థ ఉన్నది. దీనినే నిథమ్ అంటారు. తిరుపతిలో రాష్ట్ర స్థాయి హోటల్ నిర్వహణ సంస్థ కలదు. 1983లో ఏర్పడి, ఇప్పుడు గ్వాలియర్ కేంద్రంగా ఉన్న భారత పర్యాటక, యాత్రా నిర్వహణ సంస్థకు నెల్లూరులో ఒక ప్రాంగణం ఉన్నది. అక్కడ హోటల్ పని కంటే యాత్రా వ్యాపారమే ముఖ్య విషయం.